రేవు గుడిసెల మీద నేను రాసిన పుస్తకం

డిగ్రీ చదివేటప్పుడు మా చరిత్ర మాస్టారు తలా ఒక చోటు పంచి, అక్కడి పెద్దవాళ్లు చెప్పేది రాసుకురమ్మన్నారు. నాకు కొత్తపేట దగ్గర గోదావరి రేవు వచ్చింది. ఎండన పడి వెళ్లాను. పడవ నడిపే పెద్దాయన వల బాగుచేసుకుంటూ చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ల తాతగారు పాతిన పడవ గుంజ దగ్గర మొదలై, ఏదో వరదలోకి, అక్కణ్ణుంచి చెల్లెలి పెళ్లిలోకి పోయింది ఆ కథ. ఎక్కడా ఒక్క సంవత్సరం లేదు. నాకు విసుగొచ్చింది. ఆయన నొచ్చుకుంటారని పెన్ను కదుపుతూ కూర్చున్నాను గాని, రాసింది లేదు.

తిరుగుదారిలో కరణంగారింట్లో ఆగాను. కాఫీ ఇచ్చి, ఫ్యాను వేసి, ఆయన అరగంటలో అంతా తేల్చేశారు. రేవులో గుడిసెలు నిన్నగాక మొన్న లేచినవేనన్నారు. అదే రాశాను. సంవత్సరాలతో సహా ఉందని మాస్టారు మెచ్చుకుని, అట్ట వేయించి లైబ్రరీ బీరువాలో పెట్టించారు.

పదేళ్లు దాటాక అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కరణీకాలు రద్దయిన కొత్త. నాలుగు పీరియడ్లు చెప్పి గొంతు పోయిన ఒక మధ్యాహ్నం, ఆ రేవు పెద్దాయన కోడలిని వెంటబెట్టుకుని వచ్చారు. గట్టు పనికి గుడిసెలు తీసేయమంటున్నారట. పాత కాపురాలని రుజువుంటే అక్కడే పట్టాలిస్తారట.

"మా తాతల నాటి సంగతంతా రాసుకున్నారు కదండీ బాబుగారూ. ఆ పుస్తకం ఒక్కసారి ఇప్పించండి, ఆఫీసరుగారికి చూపించుకుంటాం."

లైబ్రరీ లోపలికెళ్లి, గుమ్మంలోంచి కనబడే ఇనప బీరువా తీశాను. నా దస్తూరీలో కరణంగారి మాట. బయటికొచ్చి, చెద తినేసిందని చెప్పాను. అది బయటపడితే వాళ్లకే నష్టమని అలా అన్నానని చాలాకాలం సమాధానపడ్డాను. నిజానికి ఆ క్షణంలో వాళ్ల సంగతి నాకు తోచనే లేదు.

"మా తాటాకు కొంపలొదిలేసి ఇనప బీరువాలో దూరిందాండీ చెద?" అంది కోడలు.

"ఊరుకోవే. ఆయనేం చేస్తారు," అంటూ పెద్దాయన వరండాలో చతికిలబడ్డారు. "మళ్లీ చెప్తానండీ, రాసుకోండి."

ఈసారి అక్షరం వదలకుండా రాశాను. అంతా అయ్యాక, "అప్పుడూ ఇలాగే చెప్పేనాండీ?" అని అడిగారు.

"ఆయ్," అన్నాను.

నిన్న రాసిన కాగితాలు రుజువెలా అవుతాయని ఆఫీసరు పక్కన పెట్టేశారు. వాళ్లకి కాలవ అవతల, గోదావరికి దూరంగా, చేల మధ్య స్థలాలిచ్చారు. వెళ్లి చూసి రావాలనుకుంటూనే ఉండేవాణ్ణి. కాలేజీ నుంచి వచ్చేసరికి ఒళ్లు సహకరించేది కాదు.