మామయ్యగారి రాత్రి భోజనాల చార్టు

మా మామయ్య ఇమ్మాన్యుయేల్ గారికి ఇవాళ రాత్రి ఏం తింటారో తెలిస్తే చాలదు. వచ్చే నెల ఇరవై మూడో తేదీ రాత్రి ఏం తింటారో కూడా ఇవాళే తెలియాలి. తెలియకపోతే ఆయనకు నిద్ర పట్టదు. ఆయనకు పట్టకపోతే మా అత్తయ్య ఎస్తేరు గారికీ పట్టనివ్వరు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసిన మనిషి. ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలి, ఏ కండక్టరుకు ఏ రోజు సెలవు, అన్నీ ఆయన గీసిన గళ్ళలోనే ఉండేవి. రిటైరైన రోజు డిపోవాళ్ళు దండ వేసి, శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి పంపించారు. ఆయన ఇంటికొచ్చి గడియారాన్ని మేకుకు తగిలించి, దాని కింద కూర్చుని, స్కేలూ ఎర్ర పెన్నూ తీశారు. బస్సులు లేకపోయేసరికి కూరల మీద పడ్డారు.

ప్రతి నెలా ఇరవై అయిదో తేదీకల్లా వచ్చే నెల చార్టు తయారు. తేదీ, వారం, కూర, పచ్చడి, అది దొరక్కపోతే బదులు ఏమిటి, చివర్న రిమార్కులు. కార్బన్ పెట్టి మూడు కాపీలు. ఒకటి వంటింట్లో, ఒకటి హాల్లో, మూడోది ఫైల్లో. పగటి తిండితో మాత్రం ఆయనకు సంబంధం లేదు. పొద్దున ఉప్మా తిన్నారా, మధ్యాహ్నం పస్తున్నారా అని ఎవర్నీ అడగరు. ఆయన శాఖ రాత్రి భోజనం ఒక్కటే. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలోని మా ఇంట్లో రాత్రి సరిగ్గా ఎనిమిదికి అందరూ కూర్చోవాలి. ప్రార్థన చేసుకోవాలి, తినాలి. ఒక్కరు తక్కువైనా ఆయన కంచంలో చెయ్యి పెట్టరు, ఎవర్నీ పెట్టనివ్వరు.

నేను బాపట్ల పిల్లని. పెళ్ళయ్యాక మొదటిసారి అత్తారింటికి వస్తుంటే మా అమ్మ రెండు కిలోల రొయ్యలు ఐసు పెట్టి కట్టిచ్చింది. రాత్రంతా రైల్లో వాటిని పసిబిడ్డలా చూసుకుంటూ తెచ్చాను. మామయ్యగారు మూట విప్పి చూసి, ఎంతో సంతోషించి, వెళ్ళి చార్టు చూసి వచ్చారు.

"మంచిగున్నయి బిడ్డా. గని రొయ్యలు పద్నాలుగు తారీఖున ఉన్నయి. ఇయ్యాల సొరకాయ."

"పద్నాలుగు దాకా ఉండవండి, మావయ్యగారూ. పాడైపోతాయి."

"గదే పరేషాన్ అయితున్న."

నిజంగానే పరేషాన్ అయ్యారు. హాల్లో అటూ ఇటూ తిరిగారు. చివరికి అత్తయ్య వంటింట్లోంచే అన్నారు, "జాతరకు స్పెషల్ బస్సు ఏస్తరు గద. గట్లనే రాయుండ్రి." ఆయన మొహం వెలిగిపోయింది. ఆ తేదీ పక్కన ఎర్ర పెన్నుతో 'స్పెషల్ సర్వీసు, వయా బాపట్ల' అని రాసి, సంతకం పెట్టి, రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు.

సంతలో దోసకాయ దొరకని రోజు రిమార్కుల గడిలో 'దోసకాయ బ్రేక్‌డౌన్' అని రాసేవారు. మా ఆయన క్రిస్టోఫర్ ఒక గురువారం ఆమ్లెట్ తినాలనిపించి అడిగితే, "రెండు రోజుల ముందుగాల అర్జీ పెట్టుకో" అన్నారు. స్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి, పాపం, తెల్ల కాగితం మీద అర్జీ రాసి తండ్రికి ఇచ్చాడు. అది శనివారం మంజూరైంది. అప్పటికి ఇంట్లో గుడ్లు లేవు.

ఒకసారి డిపో స్నేహితుడు కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చాడు. మామయ్యగారు కార్డు పక్కన పెట్టి, "వస్తం గని, రాత్రి విందుల ఏం పెడుతున్నవు?" అని అడిగారు. బగారా అన్నం, మటనూ, దాల్చా అని చెప్పాడాయన. "అయితె ముందు రోజు మా ఇంట్ల మటన్ తీసేస్తున్న" అని మామయ్యగారు అక్కడికక్కడే కొట్టేశారు. ఈ మనిషికి మటనొక్కటే సరిపోవడం లేదనుకుని ఆ పెద్దమనిషి భయపడి కోడి వేపుడు కూడా చేయించాడు. అది చార్టులో లేదని మామయ్యగారు పెళ్ళిలో దాన్ని ముట్టుకోలేదు.

ఇలా నవ్వుకుంటూ ఏడాదిన్నర గడిచింది. తొంభై తొమ్మిది జూన్‌లో నాకు నవ్వు ఆగిపోయింది.

నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ప్రోగ్రామర్ని. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలన్నీ తారుమారైపోతాయని ప్రపంచమంతా వణుకుతున్న రోజులవి. ఆ తేదీలు సరిచేసే పని మాకు వచ్చింది. మా మేనేజరు రామ్మోహనరావు గారు పిలిచి, "జులై ఒకటి నుంచి ఆరు నెలలు నువ్వే టీమ్ లీడ్. కాకపోతే అమెరికా వాళ్ళ టైము. సాయంత్రం అయిదు నుంచి రాత్రి ఒంటిగంట దాకా. సోమవారం చెప్పమ్మా, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను" అన్నారు. ఆ పని కోసం నేను రెండేళ్ళు ఎదురుచూశాను. ఎగిరి గంతేయాలనిపించింది. ఆ వెంటనే ఇంట్లో రాత్రి ఎనిమిది గంటల భోజనం గుర్తొచ్చింది.

"మీ నాన్నగారికి నువ్వు చెప్పు" అన్నాను క్రిస్టోఫర్‌తో.

"నేనా? ఆమ్లెట్‌కే అర్జీ రాసినోణ్ని నేను" అన్నాడు.

చివరికి శుక్రవారం రాత్రి బీరకాయ కూర తింటూ నేనే చెప్పాను. అప్పుడు మా ఇంట్లో మామయ్యగారి అక్క పుణ్యవతి గారు కూడా ఉన్నారు. మెదక్ నుంచి వచ్చి ఆరు నెలలు ఉండి కళ్ళు చూపించుకుందామని దిగారు. కళ్ళు తప్ప ఆవిడకు అన్నీ బాగానే పనిచేస్తాయి, ముఖ్యంగా నోరు.

"రాత్రన్నంకాడ కోడలు లేకుంటె గదేం ఇల్లు?" అన్నారావిడ. "మానుకోమను తమ్మీ. గా పనికి ఇంకెవలు లేరా?"

మామయ్యగారు నన్ను ఒక్కటే అడిగారు.

"నిన్ను తీస్కపోను ఆఫీసు బండి ఎన్ని గంటలకు వస్తది?"

"నాలుగుంబావుకండి."

ఆయన చెయ్యి కడుక్కుని, స్కేలు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. శనివారమంతా అక్కడే. గీయడం, చించడం, మళ్ళీ గీయడం. ఇరవై అయిదున పెట్టిన జులై చార్టును ఇరవై ఆరున చించడం నేను చూడటం అదే మొదటిసారి. నన్ను లెక్కలోంచి తీసేసి, నలుగురికీ సరిపడా కూరలు మళ్ళీ లెక్క వేస్తున్నారనుకున్నాను. ఏడుపొచ్చింది, అంతకుమించి కోపమొచ్చింది. ఒక మనిషి బతుకు కంటే బీరకాయ ఎక్కువా అనిపించింది. ఆ కోపంలోనే రామ్మోహనరావు గారికి ఇవ్వాల్సిన కాగితం రాసుకున్నాను, నాకు వీలుకాదని.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి హాల్లో కొత్త చార్టు వేలాడుతోంది. నేను అటు చూడలేదు. అత్తయ్యే చూసి, "సెలీనా, జర ఇటు రా" అని పిలిచారు.

పైన పెద్ద అక్షరాలతో ఉంది. 'రాత్రి భోజనం: పగలు మూడు ముప్పై. ఆదివారం మాత్రం పాత టైము. డిసెంబరు ముప్పై ఒకటి వరకు.' కింద వరసగా అయిదుగురి పేర్లు. అందులో మొదటిది నాది.

నేను మళ్ళీ మొదట్నుంచి చదివాను. పుణ్యవతి గారు ఊరుకోలేదు.

"మూడున్నరకు రాత్రన్నమేందిరా? ఎవలన్న నవ్వుతరు."

"నువ్వు ఎనిమిదింటికి మళ్ల తిను అక్కా, ఎవలొద్దన్నరు? గది మాత్రం చార్టుల రాయ."

"మరి పగటన్నం?" అన్నారు అత్తయ్య.

"పది గంటలకు జరుపుకో. దాంతోటి నాకు సంబంధం లేదు."

"అయితె పొద్దుగాల టిఫిను ముందటి రోజే తినాల్నా?"

మామయ్యగారు దాన్ని గంభీరంగా ఆలోచించారు కూడా. అప్పుడు నేను ధైర్యం చేసి, "ఇంత ఎందుకండి, మావయ్యగారూ? నేను ఆఫీసులో ఏదో ఒకటి తినేదాన్ని కదా" అన్నాను.

"గదే వద్దంటున్న" అన్నారు. గడియారం వైపు చూస్తూ మాట్లాడారు, నా వైపు కాదు. "డిపోల నా టేబుల్ కాడికి డ్రైవర్ల ఇంటోళ్ళు వస్తుండె. సారూ, మా పిల్లలు ఆర్నెల్ల సంది అయ్యతోటి కూసుండి తినలే, జర డ్యూటీ మార్చుండ్రి అని. కొందరికి మార్చిన. శానమందికి మార్చలేకపోయిన. బస్సులు నా చేతుల లేకుండె బిడ్డా. ఇంట్ల అన్నం అయితె నా చేతులనే ఉన్నది గద. నువ్వు నౌకరీ ఎందుకు మానాలె? అన్నమే జరుగుతది."

నేను రాసుకున్న కాగితాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాను. రెండు రోజులు ఆయన మీద పెట్టుకున్న కోపానికి సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఆకలి కూడా వేసింది, ఎందుకంటే కోపంలో శనివారం నేను సరిగ్గా తినలేదు.

జులై ఒకటి గురువారం. క్రిస్టోఫర్ స్కూలు నుంచి స్కూటరు మీద పరుగున వచ్చాడు, చేతులకు సుద్దపొడి కూడా పోలేదు. పగటి ఎండ కిటికీలోంచి కంచాల మీద పడుతోంది. మామయ్యగారు ఈ రాత్రి మాకిచ్చిన ఆహారం కోసం అని ప్రార్థన మొదలుపెడితే, అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నారు. సరిగ్గా కోడికూర వడ్డిస్తుండగా పక్కింటి కమలమ్మ గారు ఆరేసిన బట్టలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమిటండీ, మధ్యాహ్నం భోజనం ఇంత ఆలస్యమైందా?"

పుణ్యవతి గారు ఎముక నోట్లోంచి తీసి పక్కన పెట్టారు.

"ఆలస్యం ఏందమ్మా? మాది రాత్రన్నం. మా కోడలు హైటెక్ సిటీల పెద్ద డ్యూటీ చేస్తది. అమెరికోళ్ళ తారీఖులన్నీ సక్కగ చేసేది మా కోడలే. ఆమెకు టైమ్ లేకుంటె మేమే ముందుగాల తింటం. మీరెప్పుడు తింటరు, చీకటి పడ్డంకనా?"

అలా తినడమేదో తప్పయినట్టు అడిగేసరికి కమలమ్మ గారు తడబడి, "అవునండి, మేం చీకటి పడ్డాకే" అని చెప్పి వెళ్ళిపోయారు.

"అక్కా, ముచ్చట పెట్టుకుంట కూసోకు" అన్నారు మామయ్యగారు తల ఎత్తకుండా. "బండి నాలుగుంబావుకు. బిడ్డకు ఇంకింత అన్నం పెట్టు."

పుణ్యవతి గారు నా కంచంలో గరిటెడు కాదు, రెండు గరిటెలు పెట్టారు. ఆరోజు ఆఫీసులో మొదటి గంట నేను కళ్ళు తెరిచి ఉంచడానికే చాలా కష్టపడ్డాను.