బందరులో నేను చదవని రాత

ఒక అబద్ధం ఇన్నేళ్లుగా నన్ను మింగనివ్వలేదు, కక్కనివ్వలేదు. ఇవాళ మీకు చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియకపోవడమే మంచిదయింది.

అరవయ్యో దశకం మొదట్లో నేను గుడివాడలో టీచర్ని. మా చర్చి స్త్రీల సమాజంలో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ గొప్ప నాకు తలకెక్కింది, దాచడమెందుకు? ఒకసారి అందరం బస్సెక్కి బందరులో పాత చర్చి చూడడానికి వెళ్లాం. ప్రార్థన చేసుకుని, అక్కణ్ణుంచి డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి నడిచాం. ఒక పెద్ద రాయి నిండా అక్షరాలు. అందరూ నా మొహమే చూశారు. అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు మాత్రం కావు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

మా పక్కింటి మరియమ్మ వదిన నా చెయ్యి పట్టుకుంది. పెళ్లయి పన్నెండేళ్లు, పిల్లల్లేరు. మర్నాడు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మకు చూపించుకోవాలని చీటీ కూడా రాయించుకుంది.

"ఏం రాశారు టీచరమ్మా?"

"దొరసాని సమాధి వదినా. చాన్నాళ్లు పిల్లల్లేరట. మందూ మాకూ లేకుండా, ఉత్త ప్రార్థనతోనే నలభయ్యో ఏట కొడుకు పుట్టాడట."

"అయ్యో తండ్రీ! ఇందుకేనా నన్నిక్కడికి తీసుకొచ్చావు! ఇంక డాక్టరమ్మతో నాకేం పని?"

చీటీ నా కళ్లముందే చింపేసింది. ఆవిణ్ణి ఓదార్చాలనుకున్నానా, నలుగురిలో నా పరువు కాపాడుకున్నానా? రెండోదే. అప్పుడైనా "ఆగు వదినా" అనొచ్చు. సిగ్గేసి నోరు మూసుకున్నాను.

ఆవిడ ఆసుపత్రి గడప తొక్కనే లేదు. ఏటా బందరు వెళ్లి ఆ రాయి మీద పూలు పెట్టి వచ్చేది. పిల్లలు పుట్టలేదు. కొన్నేళ్లకు ఎవరో మ్యూజియం వాళ్లు ఆ రాతలు రాసుకుంటుంటే దగ్గరికెళ్లి అడిగాను. అది సరుకుల వ్యాపారి సమాధట. దొరసానీ లేదు, కొడుకూ లేడు. విని కూడా వదినకు చెప్పకుండా ఇంటికొచ్చి అన్నం తిన్నాను, ఏం మనిషిని!

డాక్టరమ్మ వల్ల ఏమైనా అయ్యేదా? ఏమో. అయ్యేదో కాదో తెలుసుకునే దారి కూడా ఆవిడకు లేకుండా చేసింది నేను.

పోయిన నెల మరియమ్మ వదిన వెళ్లిపోయింది. మంచాన పడ్డాక కూడా చూడవచ్చినవాళ్లకు దొరసాని కథ చెప్పి, "మా టీచరమ్మే చదివి చెప్పింది" అని నన్ను చూపించేది.

క్షమించమని అడగడానికి ఇప్పుడు మనిషి లేదు. మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. ఆ రోజు అనవలసిన మాట మాత్రం మీ ముందు అంటున్నాను.

నాకది చదవడం రాదు వదినా.

ఇంతే మాట. హమ్మయ్య, అనేశాను.