గొడుగు లైట్లూ గూడబాతులూ

మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీది సామాను దింపించాను. అందులోంచి మా అమ్మాయి ఒక తెల్ల గొడుగు పట్టుకొచ్చింది. గుడ్డ పసుపు రంగుకు తిరిగింది. రెండు ఊచలు తుప్పు పట్టి విరిగాయి. "నాన్నా, ఇది ఎండకా, వానకా?" అంది. రెండింటికీ కాదమ్మా, కడుపుమంటకు అందామనుకుని ఊరుకున్నాను.

అవి రీలు కెమెరాల చివరి రోజులు. కాశీబుగ్గలో నాదో చిన్న ఫొటో స్టూడియో. దాంతోపాటు ఒక దినపత్రికకు విలేకరిని. రాసిన కాగితాలూ, రీలూ ఒక కవరులో పెట్టి శ్రీకాకుళం బస్సు కండక్టరు చేతికిచ్చేవాణ్ని. మర్నాడు ఫొటో కింద చీమ తలకాయంత అక్షరాల్లో నా పేరుండేది. స్టూడియోలో మాత్రం రెండు పెద్ద బల్బులే దిక్కు. వాటి కింద కూర్చున్నవాళ్లకు ఫొటో దిగేలోపే పౌడరు చారలు కట్టేది. టెక్కలిలో మా బావదీ స్టూడియోయే. బావంటే మా అక్క భర్త; అక్కను మా వైపు అప్ప అంటాం. ఆయన దగ్గర గొడుగు లైట్లుండేవి. ఫ్లాషు వెలుగు తెల్ల గొడుగుకు తగిలి, మెత్తబడి, మొహం మీదికి దిగేది. జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడపిల్లల చేతులకు జీడి రసం మరకలుంటాయి కదా, బావ తీసిన ఫొటోలో ఆ మరకలు కూడా మర్యాదగా తప్పుకునేవి. పెళ్లిచూపులకు ఫొటో కావాలంటే చాలు, మా ఊరి ఆడపిల్లలు, చర్చి వీధివాళ్లయినా భూములున్న ఇళ్లవాళ్లయినా, నా స్టూడియో ముందునుంచే నడిచి వెళ్లి టెక్కలి బస్సెక్కేవారు. తలలో కనకాంబరాలు, చేతి సంచీలో మడత నలగని పట్టుచీర. షట్టరు దగ్గర కుర్చీ వేసుకుని నేను ఆ సంచీలను లెక్కపెట్టుకునేవాణ్ని.

నా మనసు మాత్రం ఇంకోచోట ఉండేది. టెక్కలి పక్కన తేలినీలాపురానికి ఏటా చలికాలం సంచి ముక్కుల గూడబాతులు వస్తాయి. చింతచెట్ల నిండా గూళ్లు పెడతాయి. పుట్టింటికి పురుడికొచ్చిన ఆడపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటారు వాటిని ఆ ఊరివాళ్లు, పిల్లల్ని రాయి కూడా విసరనివ్వరు. నా చిన్న లెన్సుతో వాటిని తీసి పంపితే పత్రికాఫీసు నుంచి ఫోనొచ్చింది, "పక్షులెక్కడండీ? రీలు మీద దుమ్ము పడిందనుకున్నాం!" అని. ఆ రోజునుంచి విశాఖపట్నంలో ఒక షాపు అద్దాల వెనక చూసిన పొడుగు లెన్సు కలలోకొచ్చేది. ఎట్టకేలకు నెలనెలా కడుతున్న చీటీ డబ్బు చేతికొచ్చింది. అది లెన్సుకో, లైట్లకో సరిపోతుంది, రెండింటికీ చాలదు. లెన్సే అనుకున్నాను. నోరూరుకోక బావకు చెప్పాను.

"ఏటి బామ్మర్దీ, మా ఊరి పిట్టల్ని తీడానికి అంత గొట్టమా?" అన్నాడు ఆయన మీసం కింద నవ్వుతూ. "మీ ఊరి పిల్లలు నాకాడికొత్తన్నారు. ముందు ఆళ్ల సంగతి సూసుకో."

అంతే. మర్నాడు విశాఖ వెళ్లి ఆ లెన్సు వైపు చూడకుండా గొడుగు లైట్లు కొనుక్కొచ్చాను.

కాశీబుగ్గంతా కనబడేంత బోర్డు రాయించాను. ఎప్పుడూ వచ్చేవాళ్లే వచ్చారు గానీ, మా ఊరి కనకాంబరాలు టెక్కలి బస్సెక్కడం మానలేదు. ఆ చలికాలంలోనే ఒక పొద్దున పేపరు తీస్తే మొదటి పేజీలో గూడబాతు! పిల్ల తల్లి గొంతులోకి మెడదాకా తల దూర్చి మేత తింటోంది. దాని ముక్కు మీది నీటిబొట్టు కూడా కనిపిస్తోంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో మా బావ పేరు. అదీ నా పేపర్లో!

టీ కూడా తాగకుండా టెక్కలి వెళ్లాను. బల్ల మీద ఆ పొడుగు లెన్సు, మెత్తటి గుడ్డ కప్పుకుని, బాలింతలా పడుకుని ఉంది.

"పిట్టలెందుకన్నావు కదా బావా?"

ఆయన తల వంచుకున్నాడు. "ఏటి సేత్తాను? పేపర్లో నీ పేరు సూసి మా టెక్కలి పిల్లలు నీకాడికి పోతన్నారు. నాకూ పేరొత్తే ఆగుతారని గొడుగు లైట్లమ్మీసి దీన్ని కొన్నాను."

చేపల పులుసు కలుపుతున్న అప్ప గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "ఇద్దరికిద్దరూ సరిపోనారు! పెళ్లిసూపుల ఫొటో సొంతూర్లో ఎవులు తీయించుకుంతార్రా? సంబంధం తప్పిపోతే ఫలానా పిల్ల ఫొటో తిరిగొచ్చేసిందని ఊరంతా సెప్పుకోరా? నా ఫొటోకి నాన్న నన్ను సోంపేట తీసుకెల్నేదేటి? నువ్వూ వచ్చి గోళీసోడా తాగీసినావు కదా!"

తాగాను. సోడా రుచి కూడా గుర్తుంది, ఎందుకు వెళ్లామో తప్ప. నా బల్బుల కింద చెమటలు కార్చిన పిల్లలంతా టెక్కలి, నందిగాం, రావివలస వాళ్లేనని అప్పుడు తెలిసింది. ఏ ఊరమ్మా అంటే వాళ్ల తల్లులు "ఇక్కడే బాబూ" అనేవారు. సిగ్గుకొద్దీ సరిగ్గా చెప్పడం లేదనుకున్నాను.

"పోనీ, ఆ గొడుగులూ ఈ గొట్టమూ మార్సీసుకోండి ఇద్దరూ," అంది అప్ప. నాకా మాట అమృతంలా వినబడింది. బావకూ వినబడే ఉంటుంది. అయినా ముందు నోరు విప్పినవాడు ఓడినట్టు లెక్క కదా. ఇద్దరం పులుసులో ముళ్లు తీసుకుంటూ కూర్చున్నాం. బావ తన ముక్క తీసి నా కంచంలో వేశాడు. "తిను బామ్మర్దీ" అన్నాడు. తిన్నాను. లెన్సు మాత్రం అడగలేదు.

తర్వాత డిజిటల్ కెమెరాలొచ్చి మా ఇద్దరి సరుకునూ అటకెక్కించాయి. గొడుగు దొరికిందని ఫోన్లో చెబితే బావ నవ్వాడు. ఉప్పుగాలికి తన లెన్సు కూడా లోపల బూజు పట్టిందట. ఆ మాట విన్నాక కాసేపు నాకు ఎంత హాయిగా ఉందో! అంతలో, వాళ్లింటి హాల్లో అద్దం కట్టించి పెట్టుకున్న ఆ పేపరు ముక్క కళ్లముందు మెదిలింది. కాలం నా గొడుగునూ ఆయన లెన్సునూ తేడా లేకుండా తినేసింది గానీ, ఆ గూడబాతు కింద చీమ తలకాయంత పేరు జోలికి మాత్రం పోలేదు.