బయటి పొర

ల్యాబులో అందరూ ఆమెను పంచదారక్క అంటారు. నోటి తీపి చూసి పెట్టిన పేరు కాదు. ఆ నోరు లేస్తే పెద్ద మేడమే పక్కకు తప్పుకుంటుంది. సన్నటి గొట్టంలో చిక్కటి పంచదార నీళ్ళు పోసి, వాటి మీద పలచటివి, ఒకదాంట్లో ఒకటి కలవకుండా పొరలు పొరలుగా పొయ్యడం ఆమె పని. పగలగొట్టిన బాక్టీరియాను ఆపైన వేసి మిషన్లో గిర్రున తిప్పితే, దాని ఒంటి చుట్టూ ఉండే రెండు పొరలూ విడిపోయి, లోపలిది గోధుమరంగులో పైన ఆగుతుంది. బరువైన బయటి పొర తెల్లగా కిందికి చేరుతుంది.

"అన్నీ ఆ పురుగులకేనా? నాక్కూడా ఓ గ్లాసు పొయ్యక్కా!" అని ఏడిపించేవాడు తమ్ముడు. లారీ తోలేవాడు. కాలు విరిగి ఆసుపత్రిలో చేరాడు. ఎముక అతుక్కుంది గానీ పుండు మానలేదు. మందు మీద మందు మార్చారు, ఏదీ పట్టలేదు. తల్లి పోయాక ఆమె చంకనెత్తుకుని పెంచినవాడు, ఆమె కళ్ళముందే పోయాడు.

ఆ పుండులోని బాక్టీరియానే పరీక్షకు ల్యాబుకు వచ్చింది. మందు దాని బయటి పొర దగ్గరే ఆగిపోతోందేమోనని మేడమ్ అనుమానం. ఆ పొరను వేరుచేస్తే గానీ తేలదు.

"నువ్వొద్దులేమ్మా, ఇంకెవరికైనా ఇస్తాను," అంది మేడమ్.

"ఎవరికిస్తారండీ? వాడికి ఊహ తెలిసిందగ్గర్నుంచీ అన్నీ చేసింది నేను. ఇదీ నేనే చేస్తా."

పగలగొట్టాలంటే ముందు పెంచాలి. తమ్ముణ్ణి తిన్నదానికి తన చేత్తోనే మేత వేసి, వెచ్చగా ఉంచి పెంచింది. పాముకు పాలు పొయ్యడమంటే ఇదేనని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూనే పెంచింది. ఒక్కపూట కూడా అశ్రద్ధ చెయ్యలేదు.

మిషను ఆగాక గొట్టాన్ని రెండు చేతులతో పైకి తీసింది. రెండు పొరలూ ఎక్కడివక్కడ నిలిచాయి. పైనుంచి మెల్లగా తీసుకుంటూ వెళ్ళి, తెల్లటిదాన్ని వేరే సీసాలోకి ఎత్తింది.

"ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదమ్మా," అంది మేడమ్.

వేరే రోజైతే ఆ మాటకు ఆమె వారం రోజులు గొప్పలు పోయేది. ఇవాళ మేడమ్ వైపైనా తిరగలేదు. సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. పాలగిన్నె కడిగిన నీళ్ళలా ఉంది, అంతే.

"ఇంతేనా అండీ?" అంది. "ఈ కాస్తదాన్ని దాటలేకేనా మావాడు పోయింది?"