తడిసిన సీటు

మొన్న వానకు మా కారులో నీళ్ళు దిగి సీటు ముక్కిన వాసన వేసింది. ఆ వాసనకు నాకు చిన్నప్పుడు మేమున్న మక్తల్ గుర్తొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది.

అక్కడ మా బాపు ఒక వకీలుగారి పాత కారుకు డ్రైవరు. నాకప్పుడు ఏడేళ్ళు. ఒకరోజు పెద్ద వాన పడుతుంటే బాపు నన్ను బడి నుంచి ఆ కారులోనే ఇంటికి తెచ్చాడు. మర్నాడు వెనక సీటు తడిగా ఉండడం వకీలుగారి భార్య చూసింది.

"నీ బిడ్డ సీటు మీద ఉచ్చ పోసింది. ఇగ దాన్ని కారెక్కియ్యకు" అంది అందరి ముందు.

"నేను పొయ్యలే" అన్నాను.

బాపు మాత్రం తల వంచుకొని "సరే అమ్మా" అన్నాడు. ఆమె మాట కన్నా నాకు అదే ఎక్కువ మండింది.

ఆదివారం బాపు నన్ను కారులో కూర్చోబెట్టాడు. "యాడికెల్లి కారుతాందో చూసి చెప్పు బిడ్డా" అని కారు పైన బిందెతో నీళ్ళు పోశాడు. మూడో బిందెకు వెనక అద్దం మూలన చుక్క కనబడింది.

"బాపూ, గీడ!"

అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పగిలి ఉంది. బాపు తారు కరిగించి పగులు పూడ్చి మళ్ళీ నీళ్ళు పోశాడు. చుక్క రాలేదు.

బాపు సంగతి చెబితే వకీలుగారి భార్య "అట్లనా, మంచిది" అని లోపలికి పోయింది. నన్ను పిలిచి తప్పయిందంటుందని పొద్దుగూకే దాకా వాళ్ళ మెట్ల మీద కూర్చున్నాను.

"నీళ్ళు కారుడు బందైంది గద, ఇంకేం గావాలె? ఇంటికి పోదాం పా" అన్నాడు బాపు.

ఆ కొలువు పోతే మాకు ఇల్లు గడవదని పెద్దయ్యాక తెలిసింది. బాపు మీద కోపం అప్పుడే పోయింది. ఆమె మీద పోలేదు.