డిక్కీలో బ్యాటరీ, జానెడు దూరంలో ఫ్యూజు

మొన్న మా మనవరాలు తన కారులో పెద్ద పాటల పెట్టె బిగించుకోవడానికి సూర్యాపేట హైవే పక్కన ఉన్న దుకాణానికి పోతూ, ఇంట్లో ఒక్కదానివే కూర్చుని ఏం చేస్తావని నన్ను కూడా వెంట తీసుకుపోయింది. ఆ పెట్టెకు వేరే బ్యాటరీ కావాలట. దుకాణం మెకానిక్ ఆ బ్యాటరీని డిక్కీలో పెట్టి, అక్కడినుంచి ముందుదాకా నా చిటికెన వేలంత లావు ఎర్ర వైరు లాగి, ఫ్యూజును మాత్రం తీసుకుపోయి స్టీరింగు కింద బిగించాడు. అది అక్కడ కాదు, వెనక బ్యాటరీ పక్కన ఉండాలని నేనంటే, అవన్నీ మీకెందుకు అమ్మమ్మా అని నవ్వాడు. డిక్కీ తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఫ్యూజు వెనక్కి వచ్చేదాకా అక్కడినుంచి కదలలేదు. మనవరాలు సిగ్గుపడింది, పడనీ అనుకున్నాను. ఎనభై దాటిన ముసలిదానికి ఈ పంతం ఎందుకో దానికి తెలియదు గాని, నా ఈడువాళ్లు మీరు వింటే అర్థం చేసుకుంటారు.

అవి నిజాం సర్కారు చివరి రోజులు. బెజవాడ పోయే రోడ్డు మీద, సూర్యాపేట ఊరి కొసకు మా ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులు, చుట్టుపక్కల ఉన్న నాలుగైదు కార్లు ఏ రోగమొచ్చినా అక్కడికే వచ్చేవి. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. షెడ్డుకు మధ్యాహ్నం సద్ది తీసుకుపోవడం తప్ప మోటార్లతో నాకు సంబంధం లేదు.

ఆ ఏడు ఒక బస్సులో బొగ్గు పీపాకు చోటు కావాలని బ్యాటరీని వెనక సీటు కిందికి మార్చారు. మార్చింది మా ఆయనే. ముందర ఒక ఫ్యూజు ఉంది గదా, చాలు అనుకున్నాడు. బస్సు కుదుపులకు ఆ పొడుగాటి వైరు నేల రేకు అంచుకు రాసుకుని రాసుకుని, పై రబ్బరు తెగి, ఒకనాడు కోదాడ దారిలో ఇనుముకు తగిలి కొలిమిలో కడ్డీలాగా ఎర్రబడి మంట లేచింది. బస్సులోనే ఉన్న మా ఆయన జనాన్ని దింపేసి, మంటలో చేతులు పెట్టి వైరును బ్యాటరీ నుంచి పెరికేశాడు. జనమంతా బతికారు. ఆయన రెండు చేతుల తోలు ఊడిపోయింది. దవాఖాన నుంచి వచ్చాక ఐదు నెలలు నేనే అన్నం కలిపి తినిపించాను.

ఆ ఐదు నెలల్లోనే నేను పానా పట్టాను. ఆయన షెడ్డులో మంచం మీద కూర్చుని, గుడ్డలు చుట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పేవాడు, నేను చేసేదాన్ని. మా అత్త రెండు రోజులు అన్నం మానేసింది, దారిన పోయేవాళ్లు నిలబడి చూసేవాళ్లు. చూస్తే చూడనీ అని కొంగు నడుముకు చెక్కి బండి కిందికి దూరేదాన్ని. ఆయన నాకు మొట్టమొదట నేర్పింది ఫ్యూజు సంగతే. ముందర పెట్టిన ఫ్యూజు దాని ముందర ఉన్న దీపాలను కాపాడుతుందే గాని, దానికీ బ్యాటరీకీ నడుమనున్న పన్నెండు అడుగుల వైరును కాపాడలేదు, అందుకని బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి అనేవాడు. దీపాలన్నీ వేసినా తట్టుకోవాలి, వైరు వేడెక్కకముందే కరగాలి, ఫ్యూజు తీగ అంత సన్నగా ఉండాలి. రేకు బెజ్జంలోంచి వైరు పోయినచోట ట్యూబు ముక్క తొడగాలి. అదంతా చెప్పేటప్పుడు ఆయన నా ముఖం వైపు చూసేవాడు కాదు, తన చేతుల వైపు చూసుకునేవాడు.

అట్లాంటి రోజుల్లో మిర్యాలగూడ నుంచి ఒక రైసుమిల్లు సేటు తన కారు పంపించాడు. కాళ్ల దగ్గరుండే బ్యాటరీ పెట్టె తుప్పుపట్టి రాలిపోయింది, డిక్కీలోకి మార్చమన్నాడు. హ్యాండిలు తిప్పి స్టార్టు చేసే బండి కాబట్టి బ్యాటరీ మీద పెద్ద బరువేమీ లేదు. అయితే పెట్రోలు రేషను రోజులు కదా, ఆ డిక్కీలోనే పెట్రోలు డబ్బాలు కూడా పెట్టుకుని తిరిగేవాడు. నేను డబ్బాలకూ బ్యాటరీకీ నడుమ చెక్క అడ్డం బిగించి, వైరు లాగి, బ్యాటరీ పక్కనే పింగాణీ ఫ్యూజు పెట్టాను. బండి తీసుకుపోవడానికి డ్రైవరుతోపాటు సేటే వచ్చాడు. డిక్కీ తెరిచి చూసి, ఇదెవరు చేశారని మా ఆయననడిగాడు. మా ఇంటామె అని ఆయన చెప్పాడు.

“ఆడోళ్లు కట్టిన వైరుతోని నా బండి నడవాల్నా? ఆ పింగాణీ డబ్బా తీసెయ్. ముందర ఫ్యూజు ఉండనే ఉన్నది.”

“తియ్య సేటు,” అన్నాను నేను.

నోటితో చెప్తే వినేటట్టు లేడని, షెడ్డు బయట పాత బ్యాటరీ ఒకటి పెట్టి, పటకారుతో ఒక వైరు ముక్క పట్టుకుని బ్యాటరీ రెండు కొసలకూ తగిలించాను. కన్ను మూసి తెరిచేలోగా వైరు ఎర్రబడి, పొగ చిమ్మి, రబ్బరు కారిపోయింది. ఇంకో వైరు ముక్కకు నడుమ ఫ్యూజు పెట్టి మళ్లీ తగిలిస్తే టప్పుమని తీగ కరిగింది, వైరు చల్లగానే ఉంది. డ్రైవరు రెండడుగులు వెనక్కి వేశాడు. సేటు మాత్రం తమాషా అయిపోయిందా, ఇగ తీసెయ్ అన్నాడు.

“అది తీస్తే బ్యాటరీ గూడ తీస్త. ఎడ్లను కట్టి గుంజుకపోండ్రి.”

సేటు మా ఆయన వైపు తిరిగాడు. ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత, “ఆమె చెప్పిందే నా మాట,” అన్నాడు. సేటు బండెక్కుతూ, మిల్లుకు పోయినంక దాన్ని పీకి పారెయ్యమని నాకు వినబడేటట్టే డ్రైవరుకు చెప్పాడు.

ఆ మాట నలుగురిలో పాకింది. నెలన్నర దాకా మా షెడ్డుకు ఒక్క కారు రాలేదు, బస్సువాళ్లు కూడా పక్కనుంచే పోయారు. పొద్దున జొన్న గటకతో సరిపెట్టుకుంటూ, సేటు దగ్గరికి పోయి తప్పయిందని చెప్పమని మా అత్త రోజూ అనేది. తప్పయితే కదా చెప్పడానికి.

ఒకనాడు పొద్దున్నే ఆ డ్రైవరు బస్సు దిగి పరుగున వచ్చాడు. సేటు కోడలు, ఆమె ఇద్దరు పిల్లలు వెనక సీటులో ఉండగా, డిక్కీలో నాలుగు డబ్బాల పెట్రోలుతో కోదాడ నుంచి వస్తుంటే బండి ఉన్నట్టుండి ఆగిపోయిందట. సీటు స్ప్రింగు వైరు పై రబ్బరును కోసేసింది, ఫ్యూజు కరిగింది, అంతకుమించి ఏమీ కాలేదు.

“సేటు తియ్యమన్నడు వదినె. తీసిన అని అబద్ధం చెప్పిన. ఆ దినం ఎర్రగైన వైరు నా కండ్లల్లనే ఉన్నది,” అన్నాడు.

గెలిచానని నాకు అనిపించలేదు. ఆ స్ప్రింగు సంగతి తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. వైరును సీటు కింద నుంచి లాగింది నేనే గదా. ఆ డ్రైవరుతోనే పోయి, నడిరోడ్డు మీద వైరును అంచు వెంబడి తిప్పి కట్టి వచ్చాను.

వారానికి సేటు మిల్లు లారీ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. నా వైపు చూడకుండా, దీనికి గూడ ఆ డబ్బా పెట్టు మేస్త్రీ అన్నాడు. చేసేది ఆమె, ఆమెనడుగు అన్నాడు మా ఆయన. సేటు లారీ చక్రం వైపు చూస్తూ అడిగాడు.

“పెడతవా అమ్మా?”

“పెడత సేటు. గాని దాన్ని డబ్బా అనకు, ఫ్యూజు అను.”

ఆ తర్వాత ముప్పయ్యేళ్లు ఆ షెడ్డు నడిచింది. మా ఆయన వేళ్లు మళ్లీ సరిగ్గా ముడుచుకోలేదు, బరువైన పని ఆఖరిదాకా నాదే. ఇప్పుడు ఆ రోడ్డు నాలుగు వరసలయింది, షెడ్డు దాని కింద కలిసిపోయింది, మా ఆయనా లేడు. కోదాడ కాలేజీలో ఆడపిల్లలు ఇంజన్లు విప్పి బిగిస్తుంటే ఎవరూ నిలబడి చూడరట, వింటే కడుపు నిండుతుంది. అన్నేళ్లూ మా షెడ్డు బోర్డు మీద మా ఆయన పేరు ఒక్కటే ఉండేది. నా పేరు కూడా రాయించమని నేనడగలేదు, రాయిస్తానని ఆయనా అనలేదు, ఆ కాలంలో అది ఇద్దరికీ తట్టలేదు. ఇప్పుడైతే అడిగేదాన్ని.