పాత చీరల ఆన్‌లైన్ దుకాణం

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో ఒక యువకుడు బాన్సువాడలోని రెండు గదుల ఇంట్లో కూర్చొని ప్రపంచ మార్కెట్ మీదికి దండెత్తుతాడు. పడతాడు, లేస్తాడు, మళ్లీ పడతాడు. చదివేవాళ్ల కళ్లు చెమరుస్తాయి.

అని రాద్దామనుకున్నాను. నిజానికి నేను దండెత్తింది బొంతలతో. ఐదు నెలల్లో ఆరు బొంతలు పంపితే నాలుగు తిరిగొచ్చాయి. పడిన మాట నిజమే. లేచానా లేదా అన్నదాని మీద ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

మొదలు మాత్రం మా అమ్మ దగ్గుతో అయింది. నేను పుట్టక ముందు నుంచీ అమ్మ బీడీలు చుడుతోంది. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చుకోవడం, ఇంట్లో కూర్చొని చుట్టడం, తిరిగి అప్పజెప్పడం. పోయిన చలికాలం దగ్గు తగ్గకపోతే దవాఖానకు తీసుకుపోయాను. ఆరు నెలలు తంబాకు దుమ్ముకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడు. అమ్మ ఆయన వైపు జాలిగా చూసింది.

“ఆరు నెలలు నేనేం చెయ్యాలె సారూ, గోడలు చూడాల్నా?”

కార్ఖానాలో అడిగితే ఆరు నెలల దాకా పేరు ఉంచుతామన్నారు. ఆ లోపల వచ్చి ఆకు తీసుకోకపోతే పేరు కొట్టేస్తారు. అంటే గడువు అమ్మది కాదు, నాది. ఆలోగా వేరే పని ఏదైనా నిలబడితే సరి, లేకపోతే అమ్మ మళ్లీ తంబాకు ముందు కూర్చుంటుంది.

అమ్మకు వచ్చిన రెండో పని బొంతలు కుట్టడం. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, పెద్ద సూదితో ఈ మూల నుంచి ఆ మూలకు కుట్టుకుంటూ పోతుంది. ఆ కుట్లు చూస్తే మనసు నిమ్మళిస్తుంది. డిగ్రీ అయ్యాక నాకు వచ్చిన ఒకే పని ఉద్యోగ ప్రకటనలు చదవడం. ఈ రెండు నైపుణ్యాలను కలిపి ఆన్‌లైన్‌లో దుకాణం తెరిచాను. బొంతలను ఎండలో ఆరేసి ఫోటోలు తీశాను. వివరణలో నిజాయితీగా ఇలా రాశాను: “మా అమ్మ, మేనత్త, పక్కింటి అక్క ఏళ్ల తరబడి కట్టుకున్న చీరలతో కుట్టినది.” ఇది చదివి జనం ఎగబడతారని నా అంచనా.

మొదటి బొంత కొన్నామె అది చదవలేదు. బొంత అందాక చదివింది. ఎవరో కట్టి విడిచిన చీరలు మేము కప్పుకోము అని చీటీ పెట్టి తిప్పి పంపింది. అమ్మకు చదివి వినిపించాను.

“మరి కొత్త చీరలతోని కుడ్తరా ఎవలన్న? గామెకు పానం మంచిగుందా?”

వివరణలో ఆ వాక్యం తీసేశాను. రెండో బొంతకు ఇంకో చిక్కు వచ్చింది. మధ్య పొరల్లో అమ్మ చేతికందినవన్నీ వేస్తుంది. నాన్న లుంగీ, నా బడి చొక్కా, ఏదైనా సరే. కొన్నాయన ఇంట్లో ఒక కుట్టు ఊడింది. లోపలి నుంచి కనబడుతున్న జేబుకు ఫోటో తీసి, ఇదేమిటని అడిగాడు. జేబు మీద ఎనిమిదో తరగతిలో కారిన సిరా మరక కూడా ఉంది. నేను కాసేపు ఆలోచించి, “అదనపు సౌకర్యం” అని జవాబిచ్చాను. ఆయన సౌకర్యంతో సహా బొంతను వెనక్కి పంపాడు.

అప్పుడు నాణ్యత పెంచాలని నిర్ణయించాను. బజారుకు పోయి కొత్త బట్ట తెచ్చాను. అమ్మ చేత్తో తడిమి పక్కన పెట్టింది.

“కొత్త బట్ట మెత్తగుండది బిడ్డా. సూది దిగది.”

“క్వాలిటీ అమ్మా.”

“గా క్వాలిటీ నువ్వే కుట్టు మరి.”

చివరికి ఆమే కుట్టింది. రెండు సూదులు విరిగాయి. తయారైన బొంతను గోడకు ఆనిస్తే దానంతట అది నిలబడింది. కొన్నాయన ఒక్క స్టార్ ఇచ్చి, తలుపు కప్పుకొని పడుకున్నట్టుంది అని రాసి తిప్పి పంపాడు. అదే బట్టతో కుట్టిన రెండోదాన్ని కొన్నామె ఏమీ రాయలేదు, బొంతనే పంపింది. తిరిగి రాని రెండింటిలో ఒకటి నా స్నేహితుడు మొహమాటానికి కొన్నది. ఇంకొకటి ఆ స్నేహితుడి మాట విని మద్నూర్ దగ్గర ఒక లారీ డ్రైవర్ కొన్నాడు. ఆయన వివరణ చదవలేదు, కుట్లు వెతకలేదు, కప్పుకొని పడుకున్నాడు. నాకు అలాంటి కస్టమర్లు కావాలి. వాళ్లేమో ఆన్‌లైన్‌లో దొరకరు.

ఈ దశలో పట్టుదల సడలకూడదని ఫోన్లో స్ఫూర్తి ప్రసంగాలు వినడం మొదలుపెట్టాను. ఒకాయన తెల్లవారుజామున ఐదింటికి లేవమన్నాడు. లేచాను. ఆ వేళ బాన్సువాడ రోడ్డు మీద పాలవాళ్లు, మొదటి బస్సు కోసం చూసేవాళ్లు తప్ప ఎవరూ లేరు. వాళ్లెవరూ బొంత అడగలేదు. ఓటమి అంటే మెట్టు అని ఇంకొకాయన చెప్పాడు. తిరిగొచ్చిన నాలుగు బొంతలు మడిచి ఒకదాని మీద ఒకటి పెడితే నిజంగానే మెట్టులా తయారైంది. అమ్మ దాని మీద ఎక్కి అటక మీది డబ్బా దింపుకుంది.

“పొద్దుగాల నుంచి ఒర్రుతుండు, గా సారు ఏం అమ్ముతడురా?” అని అడిగింది.

“మోటివేషన్ అమ్మా.”

“గిరాకి ఉన్నదా?”

“మస్తున్నది.”

“మరి నువ్వు గదే అమ్మరాదు.”

పేజీ మూసేద్దామని రెండుసార్లు అనుకున్నాను. మూయకపోవడానికి కారణం ప్రసంగాలు కావు. అమ్మ దగ్గు తగ్గింది. మునుపు పొద్దున్నే ఆ దగ్గుకే మెలకువ వచ్చేది, ఇప్పుడు అలారం పెట్టుకోవలసి వస్తోంది. దీన్ని పట్టుదల అంటారో లేదో నాకు తెలియదు.

ఐదో నెల చివర్లో హైదరాబాద్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. గొంతు వింటే మా అమ్మ కంటే పదేళ్లయినా చిన్నదనిపించింది.

“మీ చీరలు నాకొద్దు తమ్మీ. మా అమ్మ పోయి ఏడాదాయె, ఆమె చీరలు బీరువాల ఉన్నయి. నేను కట్టుకోను, పారేస్తందుకు మనసొప్పుతలేదు. పంపిస్తే బొంత కుడ్తరా?”

అలాంటి ఏర్పాటు మా దగ్గర లేదని మర్యాదగా చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“పంపు బిడ్డా. అంచులు కొయ్యకు, అట్లనే పంపు.”

ఫోన్ పెట్టేశాక అడిగాను. “వాళ్ల చీరలతోని మనం కుట్టుడేంది?”

“ఏంది అంటవేంది? ఎవల చీరలు వాళ్లే తెచ్చిస్తరు. గీ వాడకట్టుల నేను కుట్టినయన్ని గట్లనే గదా. బొంత కొనుక్కున్నోళ్లను నువ్వు యాడన్న చూసినవా?”

చూడలేదు. ఇరవై మూడేళ్లుగా మా గడపలో ఆడవాళ్లు చీరల మూటలతో వచ్చి, బొంతలతో పోవడం చూశాను. వాళ్ల కాళ్లకు అడ్డం పడుకొని ఉద్యోగ ప్రకటనలు చదివాను.

“మరి ముందుగాల్నే చెప్పద్దా అమ్మా?”

“బిజినెస్ అంటివి. బిజినెస్ల వేరే తీరుంటదేమో అనుకున్న.”

పేజీలో ఉన్నదంతా తీసేసి ఒకే వాక్యం పెట్టాను. మీ చీరలు పంపండి, బొంత కుట్టి పంపుతాం. హైదరాబాద్ ఆమె మూట వచ్చింది. బొంత చూసి ఆమె తన చెల్లెలికి చెప్పింది, చెల్లెలు ఆఫీసులో చెప్పింది. ఆరో నెల ముగిసేసరికి ఇంట్లో మూడు మూటలున్నాయి. దీన్ని ప్రభంజనం అనలేం. మూడు మూటలు అనొచ్చు.

ఆ శనివారం కార్ఖానాలో ఆకు పంచే ఆయన గడపలోకి వచ్చాడు.

“సోమవారం రాకుంటే పేరు కొట్టేస్తరు అక్కా. తర్వాత నన్ను అనద్దు.”

“చూస్త తియ్యి,” అంది అమ్మ.

చూస్త అంటే ఏమిటో ఆదివారం అంతా చెప్పలేదు. మూడు మూటలను నమ్ముకొని ఏళ్ల నాటి పనిని వదులుకోమని అడిగే హక్కు నాకుందా అని ఆలోచించాను. లేదనే తేలింది. అయినా ధైర్యం గురించి నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. సోమవారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ సంచి పట్టుకొని వెళ్లిపోయింది. మంచం మీద కూర్చున్నాను. నాలుగు మాటలూ నాకు నేనే చెప్పుకున్నాను. అంత బాగా లేవు.

గంటకు తిరిగొచ్చింది. సంచిలో ఆకు లేదు, దారపుండలున్నాయి.

“కార్ఖానాకు పోలేదా?”

“పోయిన. పేరు కొట్టేసుకోమని చెప్పి, బజారుకు పోయిన. ఎర్ర దారం ఒడిసిపోయింది.”

“గంతేనా?”

“ఇంకేంది? గీ మూల పట్టు,” అంటూ ఒక మూట విప్పింది.

మూల పట్టుకున్నాను. పరిచి చూస్తే ఏడు చీరలే ఉన్నాయి, అందులో రెండు నైలాన్‌వి. ఆ మూట పంపినవాళ్లకు మళ్లీ ఫోన్ చేయాల్సి వచ్చింది. వాళ్లడిగిన డబుల్ బొంతకు ఎనిమిది చీరలు కావాలి. అన్నీ నూలువే ఉండాలి. నైలాన్‌వి సూది కింద జారిపోతాయి.